మూడు గదులూ, ఇంకొకటీ

"ఎంతమందిమి వస్తుండామో లెక్కేసినావా?" అన్నాడు నాయన ఫోన్లో.

వేశాను. పదకొండు. అమ్మా నాయనా, అత్తా మామా, తమ్ముడూ మరదలూ వాళ్ళ పిల్లలిద్దరూ, మా ఆవిడా మా అమ్మాయీ నేనూ. డిసెంబరు సెలవుల్లో అందరం కలిసి తిరుపతి వెళ్దామని పోయిన ఏడాది ఉగాదికి అనుకున్నాం. కొండ మీద గదులు దొరకలేదు. దొరికినా, అక్కడ ఒక లాగినుకి ఒక గది లెక్క. పదకొండు మందికి ఎన్ని లాగిన్లు కావాలో, ఎంతమంది ఆధార్ కార్డులు పట్టుకుని కంప్యూటర్ల ముందు కూర్చోవాలో మీకు తెలియంది కాదు.

అప్పుడు గుర్తొచ్చాయి నా పాయింట్లు.

ఈ పాయింట్ల సంగతి మన ఫీల్డు వాళ్ళకి వివరించక్కర్లేదు. అమెరికాలో ఉండగా నాలుగేళ్ళపాటు సోమవారం పొద్దున విమానం ఎక్కి గురువారం రాత్రి దిగే ఉద్యోగం చేశాను. వారానికి మూడు రాత్రులు హోటల్లో. బిల్లు క్లయింటుది, పాయింట్లు నావి. ఆ మూడు రాత్రులూ మా అమ్మాయి నిద్రపోయే వేళకి ఫోన్లో మాత్రమే కనిపించేవాణ్ణి. అంచేత పాయింటంటే నా దృష్టిలో డబ్బు కాదు, ఇంట్లో లేని రాత్రి. వాటిని ఇంటిల్లిపాదీ కలిసి పడుకునే రాత్రులుగా మార్చుకోవడంలో ఏదో న్యాయం ఉందనిపించింది.

మూడు గదులు, రెండు రాత్రులు. ఆడవాళ్ళకో గది, మగవాళ్ళకో గది, పిల్లల్ని వేసుకుని తమ్ముడూ మరదలూ ఓ గది. మనవాళ్ళ పెళ్ళి విడిది లెక్క, తరతరాలుగా పనిచేస్తున్న అల్గారిదం :)

"టిఫినిస్తారంట్రా?" అన్నాడు నాయన.

"పెద్ద మెట్టు వాళ్ళకైతే ఇస్తారు నాయనా. అదీ వాళ్ళున్న గదికే. నాది కింది మెట్టు, నాకు రెండు నీళ్ళ సీసాలు ఇస్తారు."

"అంత దూరం పోయి రెండు సీసాలు నీళ్ళకా!" అని కాసేపు ఆగి, "ఇంకో ఇద్దరు కూడా వస్తారు" అన్నాడు. ఎవరో చెప్పాడు. నేను మాట్లాడలేదు. ఆ ఇద్దరి సంగతి తర్వాత చెప్తాను. ముందు కాస్త చరిత్ర. ఎందుకంటే ఆ రాత్రి గదులు వెతుకుతూ నాకో ప్రశ్న పుట్టింది. ఊరుగాని ఊళ్ళో ఇంతమందికి ఒక్కసారిగా చోటు ఎవరిస్తారు? మన ముఖంలో ఏం చూసి ఇస్తారు? పాయింట్లు రాకముందు ఏం చూసేవారు?

తెలుగులో గ్రూప్ బుకింగు గురించి మనకున్న మొదటి పెద్ద దస్తావేజు ఏనుగుల వీరాస్వామయ్య గారి 'కాశీయాత్ర చరిత్ర'. 1830 మే 18న ఆయన మద్రాసులో బయల్దేరారు, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. పదిహేను నెలల పైమాట. వెంట కుటుంబం, పరివారం కలిపి దాదాపు వందమంది. ఉద్యోగం మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్. అంటే ఇంగ్లీషు జడ్జికీ నాటు సాక్షికీ మధ్య మాటలు దాటించే పని. ఈ లెక్కన మన ఆన్‌సైట్ కోఆర్డినేటర్లకి ఆయన మూలపురుషుడు. దారిలో స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకి రాసి పంపిన సంగతులే 1838లో పుస్తకంగా వచ్చాయి.

ఆ పుస్తకాన్ని చాలామంది చరిత్ర కోసం, భాష కోసం చదువుతారు. నేను మాత్రం ఈసారి బసల కోసమే చదివాను. మజిలీ మజిలీకీ ఆయన చూసేవి ఇవి: నీళ్ళున్నాయా, అంగళ్ళున్నాయా, అన్ని పదార్థాలూ దొరుకుతాయా, దిగడానికి సత్రమో చావడో ఉందా, లేకపోతే గుడారాలు వేసుకోవడానికి చెట్ల నీడయినా ఉందా. వెనక వచ్చేవాడికి పనికొస్తుందని ఓపిగ్గా రాశారు. ఈరోజు మనం హోటల్ రివ్యూల్లో వెతికేవి కూడా అవేగా. వైఫై ఒక్కటే కొత్త.

గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఆయన కంపెనీ కొలువులో ఉన్న పెద్దమనిషి, వెంట గుడారాలున్నాయి, బోయీలున్నారు, చేతిలో డబ్బుంది. దారిలో మర్యాదలూ జరిగాయి. ఇవేవీ లేని మామూలు కాపు కుటుంబం కాశీ బయల్దేరితే? వాళ్ళకి దిక్కు సత్రం.

సత్రం అంటే ఏమిటో మన తరానికి సరిగ్గా తెలియదు. అది ఊరికే నాలుగు గోడలు కాదు. దాని వెనక మాన్యం ఉండేది. రాజో, జమీందారో, వర్తకుడో కొంత భూమి రాసిస్తే, ఆ పంట మీద వచ్చిన దాంతో బాటసారికి చోటు, చాలా చోట్ల భోజనం కూడా. ఇది ఎంత పెద్ద వ్యవస్థంటే, మద్రాసు ప్రభుత్వం 1817లో చేసిన ఏడో రెగ్యులేషన్లో గుళ్ళు, మసీదుల మాన్యాలతోపాటు సత్రాల మాన్యాల్ని కూడా రెవెన్యూ బోర్డు అజమాయిషీ కిందికి తెచ్చింది. కారణం మామూలే, ధర్మకర్తలు ధర్మాన్ని వదిలేసి కర్తలుగా మిగిలిపోతున్నారని.

ఇక దాతకి దక్కేదేమిటి? పుణ్యం అంటారు. పుణ్యంతోపాటు ఇంకొంచెం కూడా దక్కేది. ఇక్కడే నాకు చాలా ఆశ్చర్యం కలిగింది. విజయనగరం రోజుల్లో తిరుమల దేవుడికి భూమో, బంగారమో ఇచ్చి ఫలానా నైవేద్యం రోజూ పెట్టమని ఏర్పాటు చేస్తే, ఆ ప్రసాదంలో నాలుగో వంతు దాతది. గుడి గోడల మీది శాసనాల్లో ఈ దాత వాటా మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఆ వాటా దాతే వచ్చి తినక్కర్లేదు. ఇంకొకరికి రాసివ్వచ్చు, మఠానికి ఇవ్వచ్చు, అమ్ముకోవచ్చు కూడా. డిపాజిట్టు కట్టినవాడికి రోజువారీ రాబడి, అదీ బదిలీ చేసుకోగలిగిన రాబడి. క్రెడిట్ కార్డు కంపెనీలు ఇది తామే కనిపెట్టామనుకుంటున్నాయి పాపం.

పదిహేనో శతాబ్దంలో సాళువ నరసింహరాయలు తిరుమలలో, తిరుపతిలో రామానుజకూటాలని పెట్టి, వాటి నిర్వహణ కందాడై రామానుజ అయ్యంగారికి అప్పగించాడు. యాత్రకొచ్చిన శ్రీవైష్ణవులకి భోజనం పెట్టే ఇళ్ళు అవి. ఈ నరసింహరాయలే మా ఉదయగిరి దుర్గం కోసం గజపతులతో పోరాడి, చివరికి పురుషోత్తమ గజపతికి పట్టుబడి, కోట వదులుకుని బయటపడ్డాడు. ఆ కోటని తిరిగి పట్టింది 1514లో కృష్ణదేవరాయలు, ఏడాదిన్నర ముట్టడి తర్వాత. కోట పట్టాక రాయలు ఆ ఏడాది జులైలో తిరుమల వెళ్ళాడు. దేవేరులు తిరుమలదేవి, చిన్నాదేవి కూడా ఉన్నారు. ముప్ఫై వేల వరహాలతో స్వామికి కనకాభిషేకం చేయించాడు. ఫ్యామిలీ ట్రిప్పే. గదులు దొరుకుతాయా అని ఆయన బెంగపెట్టుకుని ఉండడు.

ఉదయగిరి వైపు నుంచి తిరుమల వెళ్ళినవాళ్ళలో చరిత్రలో రాసి పెట్టినది ఆయన ఒక్కడి గురించే. మా వరికుంటపాడు చుట్టుపక్కల మెట్ట పల్లెల్లోంచి వెళ్ళినవాళ్ళ గురించి ఎవరూ రాయలేదు. నేను మా అవ్వ నోట విన్నదే చెప్పాలి. ఆవిడ మాటల్లో ప్రయాణమంటే రెండెడ్ల బండి, సద్దిమూట, గడ్డి మోపు, ఇద్దరు మగమనుషులు. నర్రవాడ వెంగమాంబ తిరునాళ్ళకి పోతే బండే గది. పైన గూడు, కింద చాప. పిల్లలు గూట్లో, పెద్దలు కింద. మాలకొండకి పోతే అదింకో తీరు. అక్కడ నరసింహస్వామి గుడి వారానికి ఒక్క శనివారమే తెరుస్తారు, అంచేత శుక్రవారం రాత్రికే కొండ చేరాలి, అంటే ఒక రాత్రి ఎక్కడో పడుకోక తప్పదు. చుట్టాల ఊరు దార్లో ఉంటే దిగడం, లేకపోతే చెట్టు కింద. "గదులెందుకురా, దేవుడి కాడికి పోయి తలుపులేసుకుని పండుకుంటారా ఎవురైనా" అనేది అవ్వ. ఆవిడ పోయి పన్నెండేళ్ళయింది. నా పాయింట్లు అప్పటికి ఖాతాలో ఊరికే పడి ఉన్నాయి.

బండ్లు పోయి బస్సులూ వ్యాన్లూ వచ్చాక సత్రాలు మళ్ళీ పుంజుకున్నాయి, కాకపోతే కొత్త రకంవి. శ్రీశైలం వెళ్ళినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. బస్టాండు దిగి అటూ ఇటూ చూస్తే ఒక్కో కులానికి ఒక్కో సత్రం, ఒక్కో బోర్డు. కాశీ దాకా పోయినా అంతే. మెచ్చుకోవాల్సింది చాలా ఉంది, కాదనను. అపరిచితమైన ఊళ్ళో మన భాష మాట్లాడే మేనేజరు, వేడి అన్నం, పప్పు, చారు, గదికి నామమాత్రపు అద్దె. కాశీలో మానససరోవర్ ఘాట్ దగ్గరున్న శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం లాంటివి లేకపోతే మన ముసలివాళ్ళలో ఎంతమంది అంత దూరం వెళ్ళగలిగేవారు? 2023 ఏప్రిల్లో గంగా పుష్కరాలకి కాశీ మన తెలుగువాళ్ళతో నిండిపోయింది. అప్పుడు ఆదుకున్నవి చెయిన్ హోటళ్ళు కాదు, సత్రాలూ ఆశ్రమాలే.

ఐతే సత్రం గోడల మీద చలువరాతి పలకల్ని చదవండి. దాత పేరు, ఊరు, ఇచ్చిన మొత్తం, చివర నూట పదహార్లు. డబ్బు తక్కువిచ్చినవాళ్ళ పేర్లు ఫ్యాను రెక్కల మీదా, ట్యూబు లైటు పట్టీ మీదా. (ఫ్యాను తిరుగుతుంటే దాత కనిపించడు, ఆగితే ఉక్క. మా మామ జోకు ఇది.) దాతలకి ముందు గది, దాత ఉత్తరం తెచ్చినవాళ్ళకి ఆ తర్వాత, ఉత్తి కులం వాళ్ళకి ఆ తర్వాత. ప్లాటినం, గోల్డు, సిల్వరు. మరి ఏ కార్డూ లేనివాళ్ళకి?

ఇప్పుడు ఆ ఇద్దరి సంగతి.

తొంభైల మొదట్లో, నాకు తొమ్మిదేళ్ళప్పుడు, రెండు కుటుంబాలవాళ్ళం వ్యాను మాట్లాడుకుని ఒక క్షేత్రానికి వెళ్ళాం. ఏ క్షేత్రమో, ఏ సత్రమో రాయను. మా ఇంట్లో ముప్ఫై ఏళ్ళు సేద్యం చేసినాయన మాతో వచ్చాడు, సామాన్లు దించడానికి, వంటకి నీళ్ళు తేవడానికి. నేను పుట్టకముందు నుంచీ ఉన్నాడు. నాయన కంటే పెద్ద. అయినా నేను ఆయన్ని పేరు పెట్టి "ఒరే" అనే పిలిచేవాణ్ణి. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, రాయకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది.

మేనేజరు పెద్ద పుస్తకం తెరిచి ఊరు, ఇంటిపేరు, గోత్రం రాసుకున్నాడు. మా చిన్నతాత ఒక ఫ్యానుకి డబ్బు ఇచ్చి ఉన్నాడు, ఆ సంగతి నాయన చెప్పాడు. రెండు గదులు వచ్చాయి. తాళాలు ఇస్తూ ఆయన మా వెనక సామాన్ల దగ్గర నిలబడిన మనిషిని చూసి, "ఈయన మనోళ్ళేనా?" అన్నాడు.

నాయన ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది. తర్వాత "కాదు" అన్నాడు.

రెండు రాత్రులూ ఆయన వ్యానులో పడుకున్నాడు. చలికాలం. మా అమ్మ ఒక దుప్పటి ఇచ్చి పంపింది. ఎవరూ గొడవ చేయలేదు, ఎవరూ తిట్టలేదు, ఆయన కూడా ఏమీ అనలేదు. అంత సాఫీగా జరిగిపోయింది.

చట్టం ఏం చెప్తోందో అప్పటికి నాకు తెలియదు. 1950 నుంచీ అమల్లో ఉన్న రాజ్యాంగం పదిహేనో అధికరణంలో దుకాణాలు, హోటళ్ళు, ప్రజా భోజనశాలల్లోకి కులాన్ని బట్టి ఎవర్నీ ఆపకూడదని ఉంది. 1955లో వచ్చిన అస్పృశ్యతా నేరాల చట్టంలో హోటళ్ళతోపాటు ధర్మశాల, సరాయి, ముసాఫిర్‌ఖానా అని పేర్లు పెట్టి మరీ రాశారు. 1976లో దాన్ని సవరించి పౌరహక్కుల పరిరక్షణ చట్టం అని పేరు మార్చారు. ఇవి రాసిన తరానికి సత్రం గడప ఎంత ఎత్తో తెలుసు. అంబేద్కర్‌కైతే స్వయంగా తెలుసు. 1917లో కొలంబియాలో చదువుకుని వచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి చేరినప్పుడు, దిగడానికి హిందూ హోటళ్ళలో చోటు లేక, ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరు రాయించుకుని ఉన్నారు. పదకొండో రోజున కర్రలు పట్టుకుని జనం వచ్చారు. సాయంత్రానికి ఖాళీ చేయాల్సి వచ్చింది. ఆ తర్వాత దాదాపు ఇరవయ్యేళ్ళకి ఆ సంగతి రాసుకున్నారు, గుర్తొస్తే కళ్ళ నీళ్ళు ఆగవని.

మా నాయన "అవును, మనోళ్ళే" అని ఉంటే? అబద్ధమే, కానీ ఎవరికి నష్టం? చాలా ఏళ్ళు నాయన మీద నాకు కోపం ఉండేది. తర్వాత్తర్వాత, ఆ అబద్ధం ఆడినా పుస్తకంలో తర్వాతి గడి గోత్రం కదా అనిపించింది. ఆ ఫారంలో ఆయన పట్టే గడి లేదు.

సరే, ఇప్పుడు సముద్రం దాటాలి. ఎందుకంటే గోత్రం అడగని పుస్తకం ఎక్కడ పుట్టిందో చూడాలిగా.

1951 వేసవిలో మెంఫిస్ నగరంలో ఇళ్ళు కట్టి అమ్ముకునే కెమ్మన్స్ విల్సన్ అనే ఆయన, భార్యనీ ఐదుగురు పిల్లల్నీ కారులో ఎక్కించుకుని వాషింగ్టన్ చూపించడానికి బయల్దేరాడు. దారిలో దిగిన ప్రతి మోటెల్లోనూ గది అద్దెకి తోడు పిల్లకి రెండేసి డాలర్లు అదనంగా అడిగారు. ఐదుగురికి పది డాలర్లు, గది అద్దె కంటే ఎక్కువ. ఒళ్ళు మండి, ఇంటికొచ్చి 1952లో తనే ఒక హోటల్ కట్టాడు. తల్లిదండ్రులతో వచ్చే పిల్లలకి పైసా అదనం లేదు, ప్రతి గదీ ఒకే కొలత, ఏ ఊళ్ళో దిగినా ఒకే తీరు. అదే హాలిడే ఇన్. ప్రపంచంలో అంత పెద్ద హోటల్ చెయిన్‌కి మొదలు ఒక సంసారి బాధ అన్నమాట. 1965లో ఐబీఎం సాయంతో హాలిడెక్స్ అనే రిజర్వేషను వ్యవస్థ పెట్టారు. ఒక ఊళ్ళో కౌంటరు దగ్గర నిలబడి ఇంకో ఊళ్ళో గది పట్టుకోవచ్చు. మన వృత్తివాళ్ళు ఇలాంటి చోట ఒక్క నిమిషం ఆగి దణ్ణం పెట్టాలి.

ఐతే అమెరికా మోటెళ్ళకీ మన మేనేజరుకీ మరీ అంత తేడా ఏం లేదు. అదే విల్సన్ ఊళ్ళో, అదే రోజుల్లో, నల్లజాతి తండ్రి ఒకడు ఐదుగురు పిల్లల్ని కార్లో ఎక్కించుకుంటే రెండు డాలర్ల సమస్య దాకా వచ్చేవాడే కాదు. అలాంటివాళ్ళ కోసం న్యూయార్కులో విక్టర్ గ్రీన్ అనే పోస్టుమాను 1936 నుంచి ఒక పుస్తకం వేసేవాడు, ఏ ఊళ్ళో ఎవరు గది ఇస్తారో చెప్పే పుస్తకం. వీరాస్వామయ్య గారి మజిలీల పట్టిక లాంటిదే, కాకపోతే అక్కడ వెతికేది నీళ్ళూ నీడా కాదు. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చాక అట్లాంటాలో ఒక మోటెల్ యజమాని మా గదులు మా ఇష్టం అని కోర్టుకెక్కాడు. ఆ ఏడాది డిసెంబర్లో అక్కడి సుప్రీంకోర్టు కాదు పొమ్మంది.

పాయింట్లు ఆ తర్వాతి కథ. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ వాళ్ళు మైళ్ళ లెక్క మొదలుపెట్టారు. 1983లో హాలిడే ఇన్, మారియట్ అందుకున్నాయి. వాళ్ళ కన్ను ఎవరి మీద? కంపెనీ డబ్బుతో తిరిగే ఒంటరి సేల్స్‌మన్ మీద. బిల్లు కట్టేది కంపెనీ, హోటల్ ఎంచుకునేది వాడు. వాణ్ణి కట్టేసుకోవడానికి చిన్న తాయిలం. విల్సన్ కుటుంబం కోసం కట్టిన హోటలే ముప్ఫై ఏళ్ళు దాటేసరికి ఒంటరివాణ్ణి కొలవడం మొదలుపెట్టింది.

ఆ మూలం ఇప్పటికీ నియమాల్లో కనిపిస్తుంది. చాలా చెయిన్లలో ఒక మెంబరు మూడు గదులు తీసుకుంటే మూడింటికీ పాయింట్లు వస్తాయి, కానీ మర్యాదలు మాత్రం ఆయన పడుకున్న ఒక్క గదికే. పాయింట్ల ధర మన విమానం టిక్కెట్లలా రోజుకో తీరు. హిల్టన్ వాళ్ళు 2017లో, మారియట్ వాళ్ళు 2022లో ధరల పట్టికలు ఎత్తేశారు. నేను శుక్రవారం రాత్రి చూసిన ధరకి శనివారం పొద్దున మూడో గది దొరకలేదు, రెండు గదులు ఒక ధర, మూడోది ఇంకో ధర. మూడింటినీ ఒకే బుకింగులో అడిగితే మూడింటికీ పెద్ద ధర చూపించింది. విడివిడిగా చేస్తే తేలింది. (మీరూ విడివిడిగానే చేయండి. ఒకటి రద్దయినా మిగతావి నిలబడతాయి. రెండో మనిషి పేరు కూడా ఎక్కించండి, మీ విమానం ఆలస్యమైతే పెద్దవాళ్ళు రిసెప్షన్లో కూర్చోవాల్సిన పని ఉండదు. తర్వాత హోటలుకి ఫోన్ చేసి ఒకే అంతస్తులో పెట్టమని అడగాలి. ఇస్తామంటారు, మాట ఇవ్వరు.)

మన తిరుమల చూడండి, సరిగ్గా తిరగేసిన లెక్క. ఒంటరిగా వెళ్ళినవాడికి అక్కడ గది ఇవ్వరు, చాలాకాలంగా అంతే. కుటుంబమే అక్కడ మనిషి. కాటేజీ కట్టించిన దాతకి ఏడాదికి ఇన్ని రోజుల బస అని హక్కు, విరాళమిచ్చినవాళ్ళకి పాస్‌బుక్కు. 2023 మార్చి నుంచి గదుల దగ్గర ముఖాన్ని గుర్తుపట్టే యంత్రాలు కూడా పెట్టారు, దళారుల బెడద తగ్గించడానికి. పాత దాత వాటా, కొత్త కెమెరా.

ఇక మన అమెరికా తెలుగువాళ్ళ పద్ధతి వేరే. నయాగరాలో ఒక గది. ఇద్దరు వెళ్ళి తాళం తీసుకోవడం, మిగతా ఆరుగురూ పక్క తలుపులోంచి రావడం, బాత్రూములో రైస్ కుక్కరు, పోపు వేస్తే పొగ అలారం మోగుతుందని తువ్వాలు కట్టడం. నవ్వుకోకండి, నేనూ చేశాను. రెండెడ్ల బండి లెక్కకీ మోటెల్ లెక్కకీ మధ్య జరిగిన గుద్దులాట అది.

ముందరి మాటకొస్తే. నాయన చెప్పిన ఆ ఇద్దరూ ఆయనా, ఆయన భార్యా. నా పాయింట్లు మూడు గదులతో అయిపోయాయి, నాలుగో గది డబ్బు కట్టి తీసుకుందామనుకున్నాను. మాట వరసకి వాళ్ళబ్బాయికి ఫోన్ చేశాను. చెన్నైలో మన ఫీల్డే. నాకంటే పదేళ్ళు చిన్న.

"ఏ హోటలన్నా?" అన్నాడు. చెప్పాను.

"దాంట్లో నేను ప్లాటినం. నువ్వు పెట్టొద్దు, అమ్మానాయన గది నేను చేస్తా. నేనూ వస్తా" అన్నాడు. తర్వాత నవ్వుతూ, "నా జీతం మీద నాకు అంత మోజు లేదన్నా, ఈ కార్డంటే ఇష్టం. మూడేళ్ళు సింగపూరు, మనీలా తిరిగి తెచ్చుకున్నా. కౌంటర్లో ఇంటిపేరు చదివి గుడీవినింగ్ అంటారు, అంతే. ఆ తర్వాత ఇంకేం అడగరు" అన్నాడు.

ఇంకేం అడగరన్నది నిజమే, కాకపోతే అప్పటికే అన్నీ అడిగేసి ఉంటారు. ఏ కంపెనీ, ఏడాదికి ఎన్ని రాత్రులు, ఎంత ఖర్చు. ప్లాటినం రావాలంటే ఇల్లు వదిలి బయటుండే ఉద్యోగం కావాలి. ఆ ఉద్యోగం రావాలంటే ఏం కావాలో వాళ్ళ నాయనకీ మా నాయనకీ తెలుసు. ఆ వాడలో నుంచి బయటపడి ఇంజనీరింగు చదివింది ఆ ఏడు వాడొక్కడే. ఈ మాట వాడితో అనలేదు, వాడికి నాకంటే బాగా తెలుసు.

తిరుపతిలో దిగిన రోజు మేం మా మూడు గదుల కోసం ఆధార్ కార్డుల కట్ట విప్పుతూ నిలబడ్డాం. వాడికి వేరే కౌంటరు. ఆ అమ్మాయి లేచి నిలబడి పేరు పెట్టి పలకరించింది, పై అంతస్తులో గది ఇచ్చింది. వాళ్ళ నాయన గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. వాడు వెళ్ళి ఆ చెప్పులు తెచ్చి ఆయన ముందు పెట్టి, "ఏసుకో నాయనా" అన్నాడు. మా నాయన ఆ పక్క గోడ మీద బొమ్మ చూస్తూ ఉన్నాడు, చాలాసేపు.

తెల్లారి టిఫిను దగ్గర, వాళ్ళ గదికి ఉచితం. మాకు తలకి తొమ్మిది వందల చిల్లర. నాయన బోర్డు చదివి, "బయట ఇడ్లీ తిందాం పదండిరా" అన్నాడు. మేం కదలగానే ఆయన కూడా ప్లేటు బల్ల మీద పెట్టేసి లేవబోయాడు, పాత అలవాటు.

"నాయనా, కూచో" అన్నాడు వాళ్ళబ్బాయి.

ఆయన కూర్చున్నాడు. మా నాయన గుమ్మం దాకా వెళ్ళినవాడు వెనక్కొచ్చి, ఆయన పక్క కుర్చీ లాక్కుని కూర్చుని, "ఒక్కడిదే గదా, తొమ్మిదొందలు కట్టు" అన్నాడు నాతో.